నలభై రెండు వేల జీతానికి కారు: కొత్తదా, పాతదా, అసలు వద్దా?

ముందే చెప్పేస్తున్నా, ఇది పదిహేను లక్షల ఎస్‌యూవీ చూసుకునేవాళ్ల కోసం రాసింది కాదు. నెలకి చేతికొచ్చేది 35 నుంచి 50 వేల మధ్య, ఇంటి అద్దో, ఇంటి లోన్ కిస్తీయో ఏదో ఒకటి నడుస్తూనే ఉంది, జూన్ వస్తే పిల్లల ఫీజులు గుండెల మీద కూర్చుంటాయి, అయినా వాన పడ్డప్పుడల్లా "ఒక చిన్న కారుంటేనా" అనిపిస్తుంది కదా, ఆ బాపతు వాళ్ల కోసం. నేనూ ఆ బాపతే. ఇల్లు హైదరాబాద్‌లో బోడుప్పల్, పని అమీర్‌పేటలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్, చేతికి 42 వేలు. ఇంట్లో అమ్మతో కలిపి ఐదుగురం, ఉన్నది ఒక స్కూటరు. ఎనిమిది నెలలు లెక్కలేసి చివరికి ఒక సెకండ్ హ్యాండ్ బండి తీసుకున్నాను. ఆ లెక్కలే ఇవి.

అందరూ కిస్తీ ఎంత పడుతుంది అనే దగ్గర మొదలుపెడతారు. అక్కడే తప్పు. మొదట తేల్చాల్సింది కారు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది అనేది. మనసులో అనుకుంటే చాలదు, రాసుకోవాలి. నేను రెండు నెలలు పిల్లవాడి పాత నోట్‌బుక్‌లో రాశాను, కారు ఉంటే దేనికి తీసేవాళ్లం, ఎంత దూరం, ఇప్పుడు దానికి క్యాబ్‌కో ఆటోకో ఎంత పెట్టాం అని. తేలిందేమిటంటే, ఆఫీసుకి కారు అక్కర్లేదు, ఉప్పల్ దాకా స్కూటరు, అక్కడి నుంచి మెట్రో. (ట్రాఫిక్‌లో హబ్సిగూడ, తార్నాక దాటి అమీర్‌పేటకి రోజూ కారులో వెళ్లాలనే కోరిక ఉన్నవాళ్లు ఒక్క సోమవారం ఎవరి కారులోనైనా వెళ్లి చూడండి, కోరిక తీరిపోతుంది.) కారు కావాల్సింది అమ్మ మోకాళ్ల డాక్టరు కోసం సికింద్రాబాద్‌కి నెలకి రెండు సార్లు, రెండు నెలలకోసారి సూర్యాపేట అత్తగారింటికి, పెళ్లిళ్లు, ఆదివారాలు. ఎంత సాగదీసినా నెలకి 340 దగ్గర ఆగిపోయింది. కొన్నాక ఎలాగూ పెరుగుతుందని 400 వేసుకున్నాను. కింది లెక్కలన్నీ దీని మీదే.

కొత్త బండి లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు పెట్రోల్ చిన్న కార్లకి సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉన్నవాటికి ఇది వర్తిస్తుంది, అంటే మనం చూసేవన్నీ ఇందులోనే ఉంటాయి. దాంతో అప్పట్లో ఆల్టో కె10 మొదటి వేరియంట్ 3.70 లక్షలకి, వ్యాగన్ఆర్ మొదటిది 4.99 లక్షలకి వచ్చాయి. ఆ నెంబర్లు చూసి మా బామ్మర్ది వెంటనే ఫోన్ చేశాడు. "బావా, ఐదు లక్షలకి కొత్త బండి వస్తుంటే, ఎవడో వాడి వదిలేసినదాన్ని పైసలిచ్చి తెచ్చుకుంటవా?" అన్నాడు.

ఐదు లక్షలకి రాదు. అది ఎక్స్ షోరూమ్ ధర. తెలంగాణలో లైఫ్ టాక్స్ (బండి కొన్నప్పుడు ఒకేసారి కట్టే రోడ్ టాక్స్) ఉంది, ఐదు లక్షల లోపు బండికి 13 శాతం, ఐదు దాటి పది లోపు ఉంటే 14 శాతం. 4.99 మీద సుమారు 65 వేలు. ఆ పైన ఇన్సూరెన్స్. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబర్ నుంచి రూలు అదే, దానికి సొంత డ్యామేజీ కవరు కలిపితే పాతిక వేల చిల్లర. రిజిస్ట్రేషన్, నెంబర్ ప్లేటు, ఫాస్టాగ్, మ్యాట్లు, సీటు కవర్లు అన్నీ వేసుకుంటే ఆన్ రోడ్ ఆరు లక్షల దగ్గర ఆగుతుంది.

ఇక షోరూమ్‌లో కూర్చున్నాక జరిగేది ఇంకొకటి. మొదటి వేరియంట్ అడిగితే సేల్స్ కుర్రాడు మొహం అదోలా పెట్టి, "సార్, దాంట్లో మ్యూజిక్ సిస్టం రాదు, వెనక పవర్ విండోస్ రావు, పై మోడల్‌కి నెలకి వెయ్యి తేడా అంతే" అంటాడు. ఆ వెయ్యి ఎక్కడిదో చూద్దాం. పై మోడల్ ఐదున్నర లక్షలు అనుకోండి, ఐదు దాటింది కాబట్టి మొత్తం ధర మీద 14 శాతం పడుతుంది, 77 వేలు. అంటే బండి ధర యాభై వేలు పెరిగితే టాక్సు ఇంకో పన్నెండు వేలు పెరిగింది. ఈ 62 వేలకి ఇన్సూరెన్స్ తేడా కూడా కలిపి, లోన్‌ని ఏడేళ్లు లాగితే అప్పుడు ఆ "నెలకి వెయ్యి" వస్తుంది. ఏడేళ్లని అతను గట్టిగా అనడు, కాగితం మీద ఎక్కడో 84 అని ఉంటుంది.

ఏడేళ్ల లోన్ గురించి ఒక్క లెక్క చూడండి. 4 లక్షలు, 9.5 శాతం వడ్డీ. ఐదేళ్లకైతే కిస్తీ 8,400, మొత్తం వడ్డీ లక్షా నాలుగు వేలు. ఏడేళ్లకైతే కిస్తీ 6,540, వడ్డీ లక్షా 49 వేలు. నెలకి 1,860 తగ్గిందని సంబరపడితే చివరికి 45 వేలు ఎక్కువ కడతాం. పైగా ఆరో ఏట, ఏడో ఏట టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్లు మార్చుకుంటూ కూడా కిస్తీ కడుతూనే ఉంటాం. ఏడేళ్లకి లాగితే తప్ప కిస్తీ కట్టలేకపోతున్నామంటే ఆ బండి మన స్తోమతకి మించిందనే అర్థం, నా మటుకు నేను అలాగే తీసుకుంటాను.

సరే, రెండు లక్షలు చేతిలోంచి పెట్టి 4 లక్షలు లోన్, ఐదేళ్లు. నెలకి కిస్తీ 8,400, ఇన్సూరెన్స్‌కి పక్కన పెట్టాల్సింది 1,500, సర్వీసింగ్, టైర్లకి 600. పెట్రోలు లీటరు 107 రూపాయల పైచిలుకు వేసుకుని, సిటీలో లీటరుకి 16 ఇస్తుందనుకుంటే (కంపెనీ చెప్పే 24 ఘట్‌కేసర్ దాటాక ఖాళీ రోడ్డు మీద వస్తుందేమో, ఉప్పల్ రింగ్ రోడ్డులో రాదు) 400 కిలోమీటర్లకి 25 లీటర్లు, 2,700. మొత్తం 13,200. నా జీతంలో మూడో వంతు కన్నా కాస్త తక్కువ.

కొత్తది తీసుకోవద్దని కాదు. ముగ్గురు నలుగురు కలిసి పెట్రోలు పంచుకుంటూ రోజూ గచ్చిబౌలి దాకా వెళ్లేవాళ్లు, నెలకి తొమ్మిది వందల కిలోమీటర్లు దాటేవాళ్లు, సగం డబ్బు చేతిలో ఉన్నవాళ్లు, నమ్మకమైన మెకానిక్ తెలియనివాళ్లు కొత్తదే తీసుకోండి. ఆల్టో కె10, వ్యాగన్ఆర్‌లలో 2025 నుంచి అన్ని వేరియంట్లకీ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు, పాతవాటిలో అది దొరకదు. షోరూమ్ ఇన్సూరెన్సే తీసుకోవాలని రూలు లేదు, బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే వాళ్లే దిగొస్తారు. హ్యాండ్లింగ్ చార్జీలని బిల్లులో ఉంటే దేనికని అడగండి. ఇంకోటి, ఆషాఢంలో షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి, డిస్కౌంటు గట్టిగా అడగాల్సింది అప్పుడే. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరంటారా, ఆషాఢంలో బేరం చేసి శ్రావణంలో డెలివరీ తీసుకోండి. పెద్దమ్మ గుడికి తీసుకెళ్లి నిమ్మకాయలు తొక్కించేది ఎలాగూ అప్పుడే కదా.

పాత బండి, నేను తీసుకున్నది

2019 వ్యాగన్ఆర్, వెయ్యి సీసీ ఇంజన్, 48 వేల కిలోమీటర్లు, సింగిల్ ఓనర్, 3 లక్షల 40 వేలు. 2019 అని ఊరికే పట్టుకుని కూర్చోలేదు. కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో, డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులైలో. అంతకు ముందు బండ్లలో చాలా చవక వేరియంట్లకి ఈ రెండూ ఉండవు. 2016 బండి యాభై అరవై వేలు తక్కువకే వస్తుంది, కానీ పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్లేది కాబట్టి ఆ గీత దాటి కిందికి వెళ్లలేదు. పక్క సీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ ఉండాలంటే 2022 తర్వాతవి చూసుకోండి, లేదా కొనే ముందు ఆ వేరియంట్‌కి ఉందో లేదో చూసుకోండి. టియాగో కూడా బాగానే ఆలోచించాను, 2020 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి భద్రత చూసే సంస్థ) టెస్టులో దానికి నాలుగు స్టార్లు వచ్చాయి. అమ్మకి ఎత్తు సీటు కావాలి, మోకాలు మడవకుండా ఎక్కాలి, అందుకని వ్యాగన్ఆర్ దగ్గర ఆగాను.

పాత బండిలో కలిసొచ్చేది లైఫ్ టాక్స్. మొదటి ఓనరు కట్టేశాడు, మనం మళ్లీ కట్టక్కర్లేదు. కానీ ఇది తెలంగాణ బండికే. ఢిల్లీ నుంచి వచ్చిన డీజిల్ బండ్లు చవగ్గా కనిపిస్తాయి, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ మీద ఆంక్షలున్నాయి కాబట్టి అమ్మేసుకుంటారు. వాటికి అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తేవాలి, బండి వయసుని బట్టి ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి, చవకదనం అక్కడికే సగం కరిగిపోతుంది. ఏపీ నెంబర్లలో కూడా రెండు రకాలున్నాయి, కలిపేసి చూడకండి. ఏపీ 28, ఏపీ 29 లాంటివి రాష్ట్రం విడిపోక ముందు మన దగ్గరే రిజిస్టర్ అయినవి, టాక్సు గొడవ లేదు కానీ అవన్నీ 2014 నాటివో అంతకన్నా పాతవో, పదిహేనేళ్లకి ఆర్‌సీ గడువు అయిపోతుంది. ఏపీ 39 అయితే ఆంధ్రా బండి, ఎన్ఓసీ, టాక్సు తప్పవు.

ఇప్పుడు అసలు భయం, నీళ్లలో మునిగిన బండి. 2020 అక్టోబర్ వానలకి టోలిచౌకి, రామంతాపూర్, సరూర్‌నగర్ వైపు సెల్లార్లలో పార్క్ చేసిన కార్లు పైకప్పు దాకా మునిగాయి. ఆ బండ్లన్నీ ఎక్కడికి పోయాయనుకుంటున్నారు? కడిగి, సీట్లు మార్చి, ఎక్కడో ఒకచోట అమ్మకానికి పెట్టారు. మేము చూసిన రెండో బండి అలాంటిదే. తెల్లది, 2018, లోపల అగరబత్తి వాసన, రేటు మార్కెట్ కన్నా అరవై వేలు తక్కువ. నేను ఆల్‌మోస్ట్ అడ్వాన్సు తీశాను. వెంట వచ్చిన మెకానిక్ భాయ్ ఇంజన్ జోలికే వెళ్లలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని మెల్లిగా లాగుతూ పోయాడు, మామూలుగా మనం ఎప్పుడూ లాగనంత, చివరంటా. చివరి జానెడు బయటికొచ్చింది చూడండి, మిగతా బెల్టు నల్లగా ఉంటే అక్కడ మాత్రం టీ ఒలికినట్టు గోధుమరంగు చార ఒకటి అడ్డంగా ఉంది. తర్వాత డిక్కీ తెరిచి, కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంతలో వేలుపెట్టి నాకు చూపించాడు. సన్నటి ఎండిన ఒండ్రు, గోటికి అంటుకుంది. "సాబ్, యే గాడీ పానీ మే డూబీ హువీ హై, ఛోడ్ దో" అన్నాడు. అమ్మేవాడు "వాటర్ సర్వీసింగ్ చేయించాం సార్, అందుకే" అన్నాడు. సీటు బెల్టు లోపలికి వాటర్ సర్వీసింగ్ ఎలా చేస్తారో నాకైతే అర్థం కాలేదు.

ఆ ఒక్క చూపుకి భాయ్ తీసుకున్నది ఐదు వందలు. మొత్తం నాలుగు బండ్లకి రెండు వేలు ఇచ్చాను, ఎనిమిది నెలల్లో నేను పెట్టిన డబ్బులో ఇంతకన్నా పనికొచ్చిన రెండు వేలు ఇంకోటి లేదు. మీకు తెలిసిన మెకానిక్ లేకపోతే మీ ఆఫీసులో పాత కారు నడిపేవాళ్లని అడగండి, వాళ్లకి తప్పకుండా ఒకడు ఉంటాడు.

మిగతావి మీరే చూడొచ్చు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో మనకి తెలియకుండా. అప్పుడు ఇంకో రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. టైరు మీద నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ముప్పై వేలు తిరిగిందని చెప్పే ఆరేళ్ల బండికి టైర్లు ఇప్పటికే ఒకసారి మారి, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటర్ తిప్పేశారని అనుమానించాలి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీసుల చరిత్ర ఉంటుంది, ఓనర్‌తో కలిసి వెళ్లి అడిగితే ఏ తేదీన ఎంత రీడింగ్ ఉందో చూపిస్తారు. మాకు చూపించారు.

కొన్నాక నాకు పడ్డ ఖర్చు 28 వేలు. నాలుగు టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు. కొన్ని సామాన్లు భాయ్ చెప్పినట్టు జాంబాగ్ వెళ్లి తెచ్చాను, నడక ఎక్కువైనా రేటు తక్కువ పడింది. బండి రేటు ఎంతయినా దాని మీద ఒక ముప్పై వేలు ఇలా విడిగా పెట్టుకోకుండా సెకండ్ హ్యాండ్ జోలికి వెళ్లకండి. ఆ ముప్పై వేలు లేకపోతే పాత బండి నిజంగానే తలనొప్పి.

డబ్బు ఎక్కడిది

రెండు లక్షల చిట్టి వేశాను, నెలకి 5,000 చొప్పున 40 నెలలది. 31వ నెలలో పాడితే 1 లక్షా 84 వేలు చేతికొచ్చాయి. దానికి దాచుకున్న 36 వేలు కలిపితే 2 లక్షల 20 వేలు. మిగతా 1 లక్షా 20 వేలు లోన్. టైర్లకి, వాటికి దసరా బోనస్ పోయింది.

చిట్టితో ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. పాడేశాక కూడా చిట్టి కట్టాలి కదా. నాకు ఇంకా తొమ్మిది నెలలు మిగిలింది. అంటే ఆ తొమ్మిది నెలలూ లోన్ కిస్తీ ఒకటి, చిట్టి కిస్తీ ఒకటి. అందుకని ఆ తొమ్మిది నెలలు ఇంట్లో ఏ పెద్ద ఖర్చూ లేకుండా చూసుకుని పాడాను, జూన్ ఫీజులు వాటి మధ్యలో పడకుండా. మొదటి పది నెలల్లో ఎగబడి పాడితే మిగిలేది ఎంతో మీకూ తెలుసు, కారు కోసం చిట్టి అయితే చివరి దాకా ఆగగలిగినవాళ్లకే లాభం.

లోన్ దగ్గర ఇంకా జాగ్రత్త. ఒక ఫైనాన్స్ ఆఫీసులో "8 శాతమే సార్" అన్నారు, పక్కన బ్యాంకులో 14 శాతం అన్నారు. 8 దగ్గర సంతకం పెట్టేవాడినే, అలవాటు కొద్దీ కిస్తీ అడిగాను. వాళ్లది ఫ్లాట్ వడ్డీ, అంటే అసలు తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే చివరిదాకా వడ్డీ. 1,20,000కి 8 శాతం చొప్పున మూడేళ్లకి 28,800, మొత్తం 1,48,800ని 36తో భాగిస్తే 4,133. బ్యాంకు 14 శాతం అసలు తగ్గుతున్నకొద్దీ వేసే వడ్డీ, కిస్తీ 4,100. అంటే 8 అన్నది 14 కన్నా ఎక్కువ! వడ్డీ శాతం అడగకండి, కిస్తీ ఎంత, ఎన్ని నెలలు, ముందే తీసుకునే ఫీజు ఎంత, ఈ మూడే అడగండి.

అలా నా నెల లెక్క: కిస్తీ 4,100, ఇన్సూరెన్స్ 900, రిపేర్ల డబ్బాలో వేసేది 1,200, పెట్రోలు 2,700. మొత్తం 8,900. మూడేళ్ల తర్వాత 4,800. కిస్తీ ఖర్చు కాదు, బండి విలువ ఏటా తగ్గడం ఖర్చు అని అకౌంట్స్ తెలిసినవాళ్లు అంటారు, నేనూ రోజంతా చేసేది ఆ పనే, కానీ ఐదో తారీఖున అకౌంట్‌లోంచి పోయేది మాత్రం కిస్తీయే, ఇంట్లో సరుకులకి మిగిలేది దాన్ని బట్టే.

అసలు కొనకపోతే?

దీన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, కానీ ముందు వేయాల్సిన లెక్క ఇదే. నా నోట్‌బుక్‌లో క్యాబ్‌కి కిలోమీటరుకి సగటున 19 పడింది. సొంత బండికి పెట్రోలు 7. అంటే క్యాబ్ బదులు సొంత బండిలో తిరిగిన ప్రతి కిలోమీటరుకి 12 మిగులుతుంది. నా బండికి పెట్రోలు కాకుండా, కదలకపోయినా పడేది 6,200. దాన్ని 12తో భాగించండి, 517. నెలకి ఐదు వందల పైన కిలోమీటర్లు క్యాబ్‌లో తిరిగే కుటుంబమైతేనే పాత కారు డబ్బు పరంగా గిడుతుంది. కొత్తదానికైతే కదలకపోయినా పడేది 10,500, అంటే 875 కిలోమీటర్లు.

నావి 400. అంటే ఈ లెక్కలో నేను ఓడిపోయాను, తెలిసే కొన్నాను. స్కూటరు ముందు చిన్నది, వెనక పెద్దవాడు, ఆ వెనక మా ఆవిడ, వానలో ఉప్పల్ నల్లచెరువు దగ్గర నీళ్లలో ఆగిపోవడం ఒకటికి రెండు సార్లు అయ్యాక 117 కిలోమీటర్ల తేడా నాకు పెద్దగా అనిపించలేదు. అది నా ఇష్టం. మీరు మాత్రం మీ నెంబరు తెలుసుకుని ఓడిపోండి, తెలియకుండా కాదు.

నెలకి 200 లోపు తేలినవాళ్లకి అసలు వద్దనే చెప్తాను. మెట్రోలో ఎంత దూరం వెళ్లినా 69 రూపాయలు దాటదు, ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు, ఊరికి వెళ్లాల్సిన రెండు మూడు రోజులు సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకి తీసుకోండి. పైగా మీ అపార్ట్‌మెంట్‌లో మీకు పార్కింగ్ లేకపోతే ఇక ఆలోచించనే అక్కర్లేదు, రోడ్డు మీద పెట్టిన కారుకి గీతలు, పక్కింటివాళ్లతో మాటలు, రాత్రి పదింటికి చోటు వెతుక్కోవడం, ఇవేవీ నా నోట్‌బుక్‌లో రూపాయల్లోకి మారలేదు.

సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. కొత్త వ్యాగన్ఆర్ సీఎన్‌జీ పెట్రోల్‌ కన్నా సుమారు 90 వేలు ఎక్కువ. హైదరాబాద్‌లో గ్యాస్ కిలో 90 దాటి ఉంది, కిలోమీటరుకి మిగిలేది మూడు రూపాయల దగ్గర. 90 వేలు తిరిగి రావాలంటే 30 వేల కిలోమీటర్లు, నెలకి 400 తిరిగే నాకు ఆరేళ్లు పైన. బంకు దగ్గర లైను, డిక్కీలో సిలిండరు, వద్దనుకున్నాను. రోజుకి యాభై తిరిగేవాళ్లు తప్పకుండా చూడండి. ఎలక్ట్రిక్‌కి తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం మినహాయింపు, ఎనిమిది లక్షల బండి మీద లక్ష పైన మిగిలినట్టే. ఖర్చు కిలోమీటరుకి రూపాయిన్నర దాటదు. కానీ సొంత పార్కింగ్‌లో సొంత మీటరు నుంచి ప్లగ్ ఉండాలి, మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో లిఫ్ట్ రిపేరుకే ఏకాభిప్రాయం రాలేదు.

కాగితాలు

బేరం కుదిరాక తొందరపడకండి. బండి నెంబరుతో కేంద్ర రవాణా శాఖ వాహన్ సైట్‌లో ఓనరు వరుస, ఆర్‌సీ గడువు, బ్యాంకు పేరు మీద తాకట్టు ఉందా అన్నీ వస్తాయి. చలాన్లు తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో చూడాలి, మా బండి మీద పదకొండు ఉన్నాయి, దాదాపు అన్నీ రాంగ్ పార్కింగ్, పాత ఓనరు చేతే కట్టించాను. ఓనరు పేరు మార్చడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోన్ తీరిన బండి అయితే తాకట్టు తీసేయడానికి బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లోపు మన పేరు మీదికి మార్పించుకోవాలి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండితో రాదు, అది ఆయనది, కాబట్టి ఆయన కట్టిన ప్రీమియం చూసి మనకీ అంతే అనుకోవద్దు. థర్డ్ పార్టీ రేట్లు మాత్రం ఇంజన్‌ని బట్టి ఉంటాయి, 2022లో పెట్టిన రేటు వెయ్యి సీసీ లోపు 2,094, వెయ్యి దాటి 1500 సీసీ లోపు 3,416. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఇంజన్ ప్రొటెక్షన్ కవరు కూడా వేయించుకోండి, నీళ్లలో ఇంజన్ ఆగిపోయాక మళ్లీ స్టార్ట్ చేస్తే పాడయ్యేదానికి మామూలు పాలసీ ఇవ్వదు.

ఇంకొక్కటి. మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వకండి. నేను 10 వేలు ఆపాను, ఆర్‌సీ నా పేరు మీద వచ్చాక ఇస్తానని అమ్మినాయనకి ముందే చెప్పాను. ఆయన మొదట మొహం ముడుచుకున్నాడు, తర్వాత "సరే, అయితే రెండో తాళం చెవి అప్పుడే ఇస్తా" అన్నాడు. న్యాయమే అనిపించింది. మూడు వారాలకి పోస్టులో కార్డు వచ్చింది, ఆదివారం పొద్దున్నే నాగోల్‌లో వాళ్లింటికి వెళ్లి 10 వేలు ఇచ్చి తాళం తెచ్చుకున్నాను.